మూడో డబ్బా లేని ఊరు

పోలాల అమావాస్య మర్నాడు తెల్లవారుజామున హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో నడవాలంటే చూపు కాళ్ళ మీదే ఉండాలి. రాత్రి కొట్లు కట్టేసే ముందు షట్టరుకొక బూడిద గుమ్మడికాయ పగిలినట్టుంది. తెల్లటి గుజ్జు, దాన్నిండా కుంకుమ, గింజలు, చెక్కలైన నిమ్మకాయలు, కొబ్బరి పెంకులు, మధ్యలో ఒకటీ అరా రూపాయి బిళ్ళలు. మొదటి సిటీ బస్సులు ఆ ఎరుపంతా తొక్కి జీబ్రా గీతల దాకా ఈడ్చుకొచ్చాయి. బండి మీద వచ్చిన ఒక కుర్రాడికి చక్రం జారింది. కాలు ఆనించి నిలదొక్కుకుని, ఏదో తిట్టబోయి మింగేశాడు. దిష్టి తీసిన కాయని తిట్టడానికి కూడా ధైర్యం కావాలి.

నడిచేవాళ్ళంతా చుట్టు తిరిగి పోతుంటే, ఒకావిడ మాత్రం ఏరి ఏరి వాటి దగ్గరికే వెళ్తోంది. మెరుపు పట్టీల జాకెట్టు, పొడుగు కర్రకు కట్టిన చీపురు, వెనకాల తోపుడు బండి. ఒక్కో కాయ ముక్కల్నీ కుప్ప చేసి రేకుతో ఎత్తి బండిలో వేస్తోంది.

"దిష్టి తగులుతుందని భయం లేదా అమ్మా?" అని అడిగాను.

"మాకేం తగుల్తది సారు? అమాస అమాసకు గిదే పని. తగిలేదే ఉంటే గీ సర్కిల్ల ఊడ్చేటోళ్ళు ఒక్కరు మిగలకపోతుండె."

అంటూనే రూపాయి బిళ్ళల్ని మాత్రం చేత్తో ముట్టుకోలేదు. చీపురు మొనతో పక్కకి నెట్టేసింది. "గవి మనకొద్దు" అంది. ఆవిడ ముందుకు వెళ్ళాక టీ బండి దగ్గర గ్లాసులు కడిగే పిల్లాడు వచ్చి ఏరుకుపోయాడు.

మాది గోదావరి పక్క పల్లెటూరు. అక్కడా అమావాస్యకి గుమ్మడికాయ కొడతారు. మట్టి దారి కాబట్టి రసం నేలలోకి ఇంకిపోతుంది, గుజ్జు మేకలు తింటాయి, గింజలు చీమలు మోసుకుపోతాయి. సాయంత్రానికి అక్కడ కాయ కొట్టిన ఆనవాలు కూడా ఉండదు. చిన్నప్పుడు దిష్టి పోవడమంటే అదేననుకునేవాణ్ణి. తారు రోడ్డు మీద ఏదీ ఇంకదు. అయినా కాయ కొట్టే పద్ధతి మాత్రం అక్షరం పొల్లుపోకుండా పల్లె నుంచి పట్నానికి వచ్చేసింది.

దేన్ని ఎక్కడ వదలాలో మన ఆచారాలు చాలా వివరంగా చెబుతాయి. దిష్టి తీసింది నాలుగు దారులు కలిసే చోట, దేవుడి పూలు పారే నీళ్ళలో, పగిలిన విగ్రహం చెట్టు మొదట్లో, విస్తట్లో మిగిలింది పశువుకి. పారేశాక వెనక్కి తిరిగి చూడొద్దని కూడా చెబుతాయి. ఆ తర్వాత దాన్ని తీసేదెవరన్న మాట మాత్రం ఏ ఆచారంలోనూ వినలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదేమో. ఆ పని ఎవరిదో కులం ఎప్పుడో పంచిపెట్టేసింది. ఇవాళ్టికీ ఈ నగరం రోడ్లు ఊడ్చేవాళ్ళలో దళిత స్త్రీలే ఎక్కువ.

ముషీరాబాద్ వైపు నడుస్తుంటే పొడుగాటి ప్రహరీ గోడ ఒకటి కనిపించింది. గోడ పొడుగునా నడుము ఎత్తులో దేవుళ్ళ పలకలు అతికించారు. వేంకటేశ్వరస్వామి, కాబా, శిలువ మీది ఏసు, షిర్డీ సాయి, మళ్ళీ వేంకటేశ్వరస్వామి. ఇన్ని మతాలు ఇంత సామరస్యంగా ఒకే వరుసలో నిలబడడం నేను గుళ్ళలో చూడలేదు. అక్కడ ఎవరూ ఉమ్మేయరు, ఎవరూ నిలబడి పని కానివ్వరు. గోడ శుభ్రంగా ఉంది, పలకలున్నంత మేరా. చివరి పలక దాటాక నాలుగడుగుల నుంచి మళ్ళీ మామూలే.

నేను దిగింది చిక్కడపల్లిలో, మా చెల్లెలి ఫ్లాటులో. చెత్త విషయంలో ఆ ఇంటి పంచాంగం వేరు. స్వచ్ఛ ఆటో పొద్దున్నే పాట పెట్టుకుని సందులోకి వస్తుంది. మామూలు రోజుల్లో ఆ పాటకి తలుపులన్నీ టకటకా తెరుచుకుంటాయి. శుక్రవారం సగం తలుపులు తెరుచుకోవు. "శుక్రవారం పూట ఇంట్లోంచి ఊడ్చి బయటికి పంపుతామా అన్నయ్యా, లక్ష్మి కదూ" అంది చెల్లెలు. అదే కారణానికి దీపం పెట్టాక ఇల్లు ఊడ్చినా చెత్త గడప దాటదు, తలుపు మూలన చేటకింద తెల్లారేదాకా ఉంటుంది. అందుకే శనివారం ఆటోలో బరువెక్కువ. ఆ సంగతి ఆటో డ్రైవరుకి తెలుసు. శనివారం పూట అతను ఒక పెద్ద గోనెసంచి అదనంగా కట్టుకొస్తాడు.

ఈ ఆటోలు 2015 నవంబరులో మొదలయ్యాయి. అప్పుడే ఇంటికి రెండు చొప్పున 44 లక్షల డబ్బాలు పంచారు. ఆకుపచ్చది తడి చెత్తకి, నీలంది పొడి చెత్తకి. 2016లో వచ్చిన కేంద్ర ఘన వ్యర్థాల నిబంధనలు ఇంట్లో పుట్టే ప్రమాదకర చెత్తని, అంటే వాడేసిన బ్యాటరీలు, ట్యూబులైట్లు, మందుల్లాంటి వాటిని, మూడో రకంగా విడిగా పెట్టమన్నాయి. అధికారుల లెక్కకి ఇల్లంతా వీటిలో ఇమిడిపోయింది. మా చెల్లెలి లెక్కకి ఇమడలేదు.

భోజనాలయ్యాక ఆవిడ చెత్త విడదీస్తుంటే పక్కన కూర్చుని చూశాను. కూరగాయల తొక్కలు ఆకుపచ్చ డబ్బాలోకి, పాల సంచులు కడిగి నీలం డబ్బాలోకి. పెళ్ళి శుభలేఖ చేతికొచ్చేసరికి ఆగింది. పైన బంగారు రంగు వినాయకుడున్నాడు. కత్తెర తెచ్చి వినాయకుణ్ణి కత్తిరించి తీసి, మిగిలిన అట్టని నీలం డబ్బాలో పడేసింది. తర్వాత అగరుబత్తి పెట్టె, దాని మీద లక్ష్మీదేవి. బియ్యం సంచి మీద అన్నపూర్ణ. పాత క్యాలెండరులో పన్నెండు మంది దేవుళ్ళు. దేవుడి గూడు కింద అరలో ఓ చేతిసంచి ఉంది, వీళ్ళంతా అందులోకి వెళ్ళారు. పూజ పూలు ఎండినవి ఇంకో సంచిలో. బియ్యం అమ్మేవాడు ఆలోచించకుండా అచ్చేయించిన బొమ్మ ఒక గృహిణికి ఎంత పని పెడుతుందో అచ్చేయించినవాడికి తెలియాలి.

"ఈ సంచి నిండితే?"

"మీ బావగారు విజయవాడ వెళ్ళినప్పుడు కృష్ణలో కలిపేస్తారు. ఈమధ్య బ్యారేజీ మీద పోలీసులు కేకలేస్తున్నారట. అందుకని రావిచెట్టు దగ్గర పెట్టేస్తున్నాం."

ఆ రావిచెట్టు వీధి చివర ఉంది. అంతకు ముందు రోజుల్లో దాని ముందు నుంచి ఎన్నోసార్లు వెళ్ళాను గాని, మొదలు చుట్టూ ఏముందో ఆగి చూడలేదు. అద్దం పగిలిన వేంకటేశ్వరుడు, చెద పట్టిన చట్రంలో సత్యనారాయణస్వామి, అయ్యప్ప మాలలు, చెయ్యి విరిగిన ప్లాస్టర్ కృష్ణుడు, వ్రతం కలశం మీది కొబ్బరికాయ, పాలిథిన్ సంచుల్లో కుళ్ళుతున్న బంతిపూలు. పూలు చెట్టుకి ఎరువవుతాయి, కాదనను. కాని వాటిని ఎవరూ సంచిలోంచి తీసి వేయరు, సంచితో సహా పెట్టేసి దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోతారు. వర్షానికి ఫొటో అద్దాల ముక్కలు కాలిబాట మీదకి కొట్టుకొచ్చాయి.

ఆటో డ్రైవరుని అడిగాను, వీటిని కూడా తీసుకెళ్ళొచ్చు కదా అని. మహబూబ్‌నగర్ వైపు మనిషి, మాట నిదానం. "పూలు ఏస్కపోత సారు. పూలకేముంది? దేవుని ఫొటో చెత్తల ఎట్ల ఏస్తం? ఇంట్ల చిన్నపిల్లలున్నరు." మరైతే ఎవరైనా పొరపాటున డబ్బాలో వేసేస్తే? "తీసి గదే చెట్టుకాడ పెడ్త." అంటే ఇళ్ళలోంచి చెట్టు దగ్గరికి ఒక దారి, ఆటోలోంచి మళ్ళీ చెట్టు దగ్గరికే ఇంకో దారి. చదువుకున్నవాళ్ళ మూఢనమ్మకమనో, చదువులేనివాళ్ళ మూఢనమ్మకమనో ఈ చెట్టుని తీసిపారేయడం కుదరదు. పెట్టేవాడిదీ ఎత్తేవాడిదీ ఒకటే భయం. ఒకటే భక్తి అన్నా తప్పులేదు.

ఒక మధ్యాహ్నం పాతబస్తీ వెళ్ళాను. పురానీ హవేలీ దగ్గర ఛత్తా బజారులో శుభలేఖలు అచ్చేసే దుకాణాలు వరసగా ఉంటాయి. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు, ఏది కావాలంటే అది. ఒక దుకాణదారు నమూనాలు చూపిస్తూ, చాలా ముస్లిం శుభలేఖల మీద బిస్మిల్లా అని రాయకుండా 786 అని అంకె వేస్తారని చెప్పాడు. అరబ్బీ అక్షరాలకు విలువలు కట్టే అబ్జద్ లెక్కలో ఆ వాక్యం మొత్తం 786. ఎందుకలా అంటే, "భాయ్, కార్డు రేపు రోడ్డు మీద పడుతుంది, ఎవరి కాళ్ళ కిందో నలుగుతుంది. అంకె పడితే ఫర్వాలేదు" అన్నాడు. మా చెల్లెలు కత్తెరతో చేసే పని వీళ్ళు అచ్చుకి ముందే చేసేస్తున్నారు. అంకె వేయడాన్ని ఒప్పుకోని మతపెద్దలూ ఉన్నారని, వాళ్ళ కార్డులు ఇంకోలా ఉంటాయని కూడా చెప్పాడు.

అక్కడికి కొద్ది దూరంలో ఒక మసీదు గోడకి ఆకుపచ్చ రేకు డబ్బా బిగించి ఉంది. పోస్టు డబ్బాకి ఉన్నట్టే పైన చీలిక. చిరిగిన ఉర్దూ పత్రికలు, ఖురాన్ వాక్యాలున్న కాగితాలు దానిలో వేస్తారు. నిండాక తీసి, ఎవరూ తొక్కని చోట మట్టిలో పూడుస్తారట. నేను నిలబడ్డ కాసేపట్లోనే బడి సంచీ తగిలించుకున్న ఒక అమ్మాయి వచ్చి, మడత పెట్టిన కాగితం ఏదో వేసి పోయింది. రావిచెట్టు మొదలూ ఈ రేకు డబ్బా ఒకే అవసరానికి పుట్టాయి. తేడా ఒక్కటే. డబ్బాకి తాళం ఉంది, తాళంచెవి ఉన్న మనిషి ఉన్నాడు.

బక్రీదుకి ముందు జీహెచ్‌ఎంసీ వాళ్ళు ఇంటింటికీ పెద్ద సంచులు పంచుతారు. బలి ఇచ్చిన జంతువుల వ్యర్థాల్ని వాటిలో కట్టి పెడితే ప్రత్యేకంగా బండ్లు తిరిగి ఎత్తుకుపోతాయి. అంటే నమ్మకానికి చోటు చూపించడం నగరపాలక సంస్థకి చేతకాని పనేం కాదు. నమ్మకాన్ని వాడుకోవడం కూడా వచ్చు. జనం అలవాటుగా చెత్త గుమ్మరించే మూలల్ని వాళ్ళు జీవీపీలంటారు. అలాంటి చోట కుప్ప తీసేశాక కడిగి, ముగ్గు వేస్తారు. నారాయణగూడలో ఒక స్తంభం పక్కన అలాంటి ముగ్గు చూశాను. పారిశుద్ధ్య కార్మికురాలే వేసింది, చుక్కలు తప్పకుండా, రంగులద్ది. ముగ్గు మీద చెత్త వేయడానికి మనవాళ్ళకి చెయ్యి రాదు. ముగ్గు చెరిగిపోయిన రోజున వస్తుంది, కాబట్టి ఆవిడ వేస్తూనే ఉండాలి.

ఇక నిమజ్జనం. అనంత చతుర్దశి నాటి ఊరేగింపు గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, నాకు మర్నాడు పొద్దున చూడాలనిపించింది. ఆరు గంటలకి హుస్సేన్‌సాగర్ పక్కన ఎన్టీఆర్ మార్గ్ మీద ఇంకా లారీల వరస ఉంది. రాత్రంతా నాట్యమాడిన కుర్రాళ్ళు లారీల కింద తలకి చెప్పులు పెట్టుకుని నిద్రపోతున్నారు. క్రేన్లు మాత్రం ఆగలేదు. కొక్కేనికి విగ్రహం తగిలించడం, గాల్లోకి లేపడం, నీళ్ళ మీదకి తిప్పి వదలడం, ఒక్కో స్వామికి రెండు మూడు నిమిషాలు. అప్పుడే దిగిన వినాయకుడి వీపు మీద నిలబడి ఇద్దరు కుర్రాళ్ళు రంపంతో ఇనుప చువ్వలు కోస్తున్నారు.

ఒడ్డున ఇంకో లోకం. నీళ్ళలోంచి లాగిన చట్రాల్ని మెట్ల మీద వేసి, ఆడవాళ్ళు రాళ్ళతో కొట్టి ప్లాస్టర్ పెచ్చులు రాలగొడుతున్నారు. చువ్వలు ఒక కుప్ప, కర్రలు ఒక కుప్ప, గోనెపట్టా ఒక కుప్ప. పాత ఇనుము కొనేవాళ్ళ ఆటోలు వెనక సిద్ధంగా ఉన్నాయి. ధూల్‌పేటలో నెలల తరబడి కట్టిన చట్రం నీళ్ళలో గంటసేపు కూడా ఉండడం లేదు. నగరం మొత్తం మీద ఆ పొద్దున నాకు కనిపించిన అత్యంత చురుకైన రీసైక్లింగ్ ఇదే. ఒకామె పెచ్చు కొట్టబోయే ముందు విగ్రహం ముఖాన్ని బోర్లా తిప్పింది. ఎందుకని అడిగితే, "మొకం మీద ఎట్ల కొడ్తం?" అంది.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌కి నీళ్ళు తగిలితే గట్టిపడడమే వచ్చు, కరగడం రాదు. కాల్చిన జిప్సం పొడి నీళ్ళతో కలిసి మళ్ళీ జిప్సం రాయవుతుంది. అచ్చులో బొమ్మ నిలిచేది అందుకే, చెరువులో మిగిలేదీ అందుకే. పత్రితో పూజించిన మట్టి ముద్దని ఊరి చెరువులో కలిపే ఆచారానికి, ఈ రాతిని హుస్సేన్‌సాగర్‌లో పడేయడానికి పేరొక్కటే ఉమ్మడి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో ప్లాస్టర్ విగ్రహాలు వద్దని మార్గదర్శకాలు ఇచ్చింది. 2021 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు హుస్సేన్‌సాగర్‌లో వాటి నిమజ్జనాన్ని ఆపేసింది. వారం గడవకముందే వ్యవహారం సుప్రీంకోర్టుకి వెళ్ళింది, ఆ ఒక్క ఏడాదికి మినహాయింపు దొరికింది. ఖైరతాబాద్ వినాయకుడు 2022 నుంచి మట్టి వినాయకుడయ్యాడు. 1954లో సింగరి శంకరయ్య ఒక్క అడుగు విగ్రహంతో మొదలుపెట్టిన ఉత్సవమది, 2024కి 70 అడుగులైంది. మట్టే అయినా 70 అడుగులు నిలబడాలంటే లోపల ఇనుము తప్పదు. అడుగు విగ్రహానికి ఆ బాధ లేదు.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో హుస్సేన్ షా వలీ తవ్వించిన ఈ చెరువుని చంపింది వినాయకుళ్ళు కారు. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు ఏడాది పొడుగునా మురుగుని తెచ్చి ఇందులో పోస్తూ వచ్చాయి. కూకట్‌పల్లి నాలా అయితే దశాబ్దాల పాటు ఫ్యాక్టరీల వ్యర్థాల్ని కూడా మోసింది. నాలాకి పండగ ఉండదు, ఊరేగింపు ఉండదు, అందుకని కెమెరాలు రావు. భక్తుణ్ణి తప్పుపట్టే వ్యాసాలు సెప్టెంబరులో వచ్చినన్ని, నాలాని తప్పుపట్టేవి మిగతా నెలల్లో రావు. అలాగని, నాలా పాపం చూపించి మన ప్లాస్టర్‌ని సమర్థించుకునేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. నీళ్ళు పవిత్రమైనవని నమ్మేవాడికి ఆ నీళ్ళ మీద అందరికంటే ఎక్కువ పట్టింపు ఉండాలి. హుస్సేన్‌సాగర్ నీళ్ళని చేత్తో తీసి తల మీద చల్లుకున్న భక్తుణ్ణి ఆ పొద్దున ఒక్కణ్ణీ చూడలేదు. అందులో స్వామిని వదలడానికి మాత్రం ఎవరూ వెనకాడలేదు.

ఇప్పుడు నగరంలో చాలాచోట్ల చిన్న నిమజ్జన కొలనులు కట్టారు. వాటికి జనం వస్తున్నారు, ముఖ్యంగా ఇళ్ళలో పూజించిన చిన్న విగ్రహాలతో. చుట్టూ మెట్లు, పక్కన పత్రి వేయడానికి తొట్టి, పర్యవేక్షణకి మనిషి. చోటు మర్యాదగా ఉంటే ఆచారం సర్దుకుంటుంది. నెల తిరక్కుండానే భాద్రపద అమావాస్యకి ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. తంగేడు, గునుగు నీళ్ళలో కుళ్ళితే వచ్చే నష్టం తక్కువ. దాన్ని కూడా గునుగుకి వేసే రంగులతోనూ ప్లాస్టిక్ పళ్ళాలతోనూ పాడుచేసుకుంటున్నాం గాని, ఆ పండగ లెక్క మొదటి నుంచీ సరిగానే ఉంది.

ఎనిమిదింటికి జేసీబీలు వచ్చాయి. నీళ్ళలో తేలుతున్న పత్రి, గుడ్డలు, థర్మకోలు కిరీటాలు, చేతులు, తొండాలు, అన్నిటినీ కలిపి ఎత్తి టిప్పర్లలో పోశాయి. టిప్పర్లు పోయేది జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకే. చెత్తడబ్బాలో వేస్తే పాపమని చెరువు దాకా ఊరేగించిన స్వామి, రెండు రోజులు ఆలస్యంగా, డబ్బాలో వేసిన చెత్త చేరే చోటికే చేరతాడు. ఈ సంగతి చెబితే మా బావగారికి కోపం వచ్చింది. నా మీద కాదు, జీహెచ్‌ఎంసీ మీద.

ఆ ఆదివారం వాళ్ళ అపార్ట్‌మెంటు సంఘం సమావేశం. అజెండాలో లిఫ్టు మరమ్మతు తర్వాత రావిచెట్టు వచ్చింది. బావగారే ఎత్తారు. సెల్లారులో మూడో డ్రమ్ము పెడదామని, దేవుడి వస్తువులు అందులోనే వేద్దామని. ఎవరూ కాదనలేదు, నాకు అదే ఆశ్చర్యం. పూలూ పత్రీ మేడ మీది కుండీలకి ఎరువు. రెండో అంతస్తు మామ్మగారు ఫొటోల సంగతి తేల్చేశారు. "కాగితం బొమ్మని బకెట్ నీళ్ళలో నానేస్తే ముద్దయిపోతుంది, తులసికోటలో పోయండి, అదీ నిమజ్జనమే" అన్నారు. ఆవిడ మాటకి శాస్త్రం ఉందా అని ఎవరో గొణిగితే, "శాస్త్రంలో థర్మకోలు ఉందిట్రా?" అని అడిగారు. చట్రాలు, అద్దాలు పాత సామాన్లవాడికి ఇవ్వాలని తేలింది.

అప్పుడు వెనక వరసలోంచి ఒకాయన, "అది సరే, ఫొటోల్లోంచి అద్దం ఎవరు తీస్తారు?" అన్నారు. అందరూ కాసేపు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. సెక్రటరీగారి చూపు గుమ్మం దగ్గర నిలబడ్డ వాచ్‌మన్ మీదకి వెళ్ళింది.

"నేను తీస్త సారు" అన్నాడు వాచ్‌మన్. "స్నానం చేసినంక మొక్కి తీస్త. గని ఆ పనికి నెలకు వేరే పైసలియ్యాలె."

ఎంతివ్వాలన్నది వచ్చే నెల సమావేశానికి వాయిదా వేశారు.